వాపు పూడ్చిన చేయి

పోయిన వారం శిల్పిని మనం ఆమె అచ్చుల షెడ్డులోనే విడిచి వచ్చాము. అప్పుడే తెల్లవారింది. తిమింగలం అచ్చు మీద అడ్డంగా వేసిన పలకపై బోర్లా పడుకుని, కళ్ళు మూసుకుని, ఆమె అచ్చు లోపలి గోడ వెంట అరచేయి నడిపిస్తూ ఉన్నది. పోత పోసే రోజున అచ్చంతా అలా ఒకసారి తడిమి చూసుకోవడం ఆమె తండ్రి దగ్గర నేర్చుకున్న పద్ధతి. కంటికి వెలుతురు కావాలి, చేతికి అక్కరలేదు అనేవాడాయన. ఆ చెయ్యి ఒకచోట ఆగిపోయింది. పల్లంగా ఉండవలసిన చోటు చదునుగా ఉన్నది.

కథ మధ్యలో వచ్చి కూర్చున్నవారి కోసం నాలుగు ముక్కలు. వేసవికి ముందు ఒక ఆడ తిమింగలం చచ్చి ఒడ్డుకు కొట్టుకువచ్చింది. దాని తోకకు వల చుట్టుకుని ఉన్నది. డొక్క మీద ఒకే ఎడంలో, వరసగా, లోతైన గాట్లు ఉన్నవి. సముద్ర పరిశోధన సంస్థ వారు శవపరీక్ష చేశారు. వలలో చిక్కి ఊపిరాడకనే అది చనిపోయిందనీ, తేలుతున్న కళేబరాన్ని తరువాత ఎప్పుడో ఏదో ఓడ అడుగున తిరిగే పంకా కోసి ఉంటుందనీ తేల్చారు. ఆ తీర్పు కింద సంతకం శిల్పి సొంత చెల్లెలిది. ఆ సంతకం ఆధారంగా అఖాతంలో చిన్న పడవలు వల వేయరాదు, కదలనే కదలరాదు అని నిషేధం వచ్చింది. పడవలు రేవులో కట్టుబడిపోయాయి. వాటి మీద బతికే ఇళ్ళలో పొయ్యి వెలగడమే గగనమైంది. ఓడల కంపెనీ మాత్రం ఆ సంస్థకు ఒక కొత్త హాలు కట్టించి, హాలు నడుమ అదే తిమింగలం విగ్రహం నిలవాలని కోరింది. పని శిల్పికి వచ్చింది. ఆమె ముక్కుకు గుడ్డ కట్టుకుని, ఇసుకలో మోకాలి లోతున నిలబడి, తిమింగలం ఒంటికే నేరుగా ప్లాస్టర్ పట్టించి అచ్చు తీసుకున్నది. ఆ మర్నాడే కళేబరాన్ని లాక్కుపోయి నడిసముద్రంలో ముంచేశారు.

ఆ ఒంటికి లోకంలో మిగిలిన ఆనవాలు ఈ అచ్చొక్కటే. దాని మీద ఎవరిదో చెయ్యి పడింది.

ఆమె కళ్ళు తెరవలేదు. వేళ్ళను వెనక్కు తెచ్చి, మొదటి గాటు దగ్గర నుంచి మళ్ళీ మొదలుపెట్టింది.

ఇక్కడ అచ్చు సంగతి ఒకటి చెప్పక తప్పదు. చెప్పకపోతే ఈ అన్యాయం ఎంత నేర్పుగా జరిగిందో బోధపడదు. అచ్చులో అంతా తారుమారు. ఒంటి మీద లోతుగా దిగిన గాటు అచ్చులో నిటారైన గట్టుగా నిలుస్తుంది. ఒంటి మీద ఉబ్బిన చోటు అచ్చులో పల్లంగా దిగుతుంది. ఈ తిమింగలం గాట్లకు రెండు అంచుల వెంటా వేలెడు మందాన వాపు ఉండేది. కళేబరం కుళ్ళి ఒళ్ళంతా ఉబ్బడం వేరు. ఇది గాటును అంటిపెట్టుకుని, గాటు ఎంత దూరం పోతే అంత దూరమూ దానితో నడిచిన వాపు. గుండె కొట్టుకుంటున్న ఒంటికే అలాంటి వాపు వస్తుంది. నెత్తురు ఆగిపోయిన ఒంటిని ఎన్నిచోట్ల కోసినా అంచులు వాచవు. అంటే ఓడ పంకా కోసేనాటికి ఆ తిమింగలం బతికే ఉన్నది. కోత పడ్డాక కూడా కొన్నాళ్ళు బతికింది. లోతుకు పోలేక, తిన్నగా ఈదలేక, పైపైన కొట్టుకువస్తూ, ఎక్కడో తెగి తేలిపోతున్న పాత వలలో తోక ఇరికించుకున్నది.

ఈ సంగతి శిల్పికి నేర్పినది ఎవరో కాదు, చెల్లెలే. చాలా ఏళ్ళ కిందట, గాయపడి ఒడ్డుకు చేరిన ఒక డాల్ఫిన్ బొమ్మ గీయించుకుంటూ, గాయం అంచు ఎలా గీయాలో పక్కన కూర్చుని విడమరిచి చెప్పింది. అంచు ఉబ్బి ఉంటే బతికుండగా తగిలినట్టు, అది మరిచిపోకక్కా, అన్నది. అక్క మరిచిపోలేదు.

అచ్చు తీసిన రోజు నుంచీ శిల్పి ఈ వాపు గురించి ఎవరితోనూ అనలేదు. అనవలసిన పని లేదనుకున్నది. విగ్రహం హాలులో నిలబడితే, తెలిసినవాడెవడైనా ఒకనాటికి వచ్చి ఆ అంచు మీద వేలు పెట్టక మానడు. మనుషుల నోళ్ళు మూయించినట్టు సిమెంటు నోరు మూయించడం ఎవరివల్లా కాదు. ఆమె ధైర్యమంతా అక్కడే ఉన్నది.

ఇప్పుడు గట్లన్నీ ఎక్కడివక్కడే ఉన్నవి. పల్లాలు మాత్రం లేవు.

ప్లాస్టర్ తాకితే చల్లగా ఉంటుంది. ఇక్కడ ఆ చల్లదనం లేదు. గోరు ఆనిస్తే గోరు దిగింది. మైనం. ప్లాస్టర్ పొడి కలిపి, రంగు కలిసిపోయేటట్టు చేసి, అంచు తెలియకుండా నునుపు పెట్టిన మైనం.

అప్పుడే మేస్త్రమ్మ సిమెంటు బకెట్లతో లోపలికి వచ్చింది. శిల్పి తండ్రి కాలం నుంచీ ఆ షెడ్డులో ప్లాస్టర్ కలుపుతున్న మనిషి. శిల్పికి జుట్టు నెరిసినా ఆమెకు ఇంకా పెద్దమ్మాయే. సంగతి విని మేస్త్రమ్మ బుగ్గలు నొక్కుకున్నది. నిన్న దిమ్మె కొలతలకని వచ్చిన ఆ సంస్థ మనుషులే ఈ పని చేసి ఉంటారనీ, వాళ్ళ వాలకం చూసినప్పుడే తనకు ఒళ్ళు మండిందనీ, ఒకడైతే పోత అంటుకోకుండా అచ్చు లోపల వేసిన సబ్బుపూత మీద చెప్పులతోనే నడవబోయాడనీ, దొరికితే ఆ చేతులను అదే బకెట్లో పెట్టి గట్టిపడేదాకా ఉంచుతాననీ అన్నది.

శిల్పి పలక మీద నుంచి దిగి, మోచేతుల దుమ్ము దులుపుకున్నది.

"వాళ్ళు కాదు. బయటివాడు గాట్లు దాచాలనుకుంటే ఏం చేస్తాడు? ఎత్తుగా కనబడేదాన్ని గీకి పారేస్తాడు. లేదా అదే గాయమని తెలియక వదిలేస్తాడు. ఇది చేసినవాళ్ళు గట్లను ముట్టుకోలేదు చూడు. గాట్లు ఒడ్డున అందరూ చూశారు, పేపర్లో ఫొటోలొచ్చాయి, అవి దాచడం కుదరదు. దూరం నుంచి తీసిన ఫొటోకి దొరకనిది వాపొక్కటే. దాన్ని ఏరి ఏరి పూడ్చారు."

అయితే ఆ సంస్థ డైరెక్టరే దగ్గరుండి చేయించి ఉంటాడని మేస్త్రమ్మ తీర్మానించింది.

"డైరెక్టరుకి తిమింగలాలు తెలుసు, అచ్చులు తెలియవు. నీకు అచ్చులు తెలుసు, తిమింగలాలు తెలియవు. ఈ చేతికి రెండూ తెలుసు."

మేస్త్రమ్మ బకెట్లు ఒకదాని పక్కన ఒకటి సర్దింది. సర్దినవాటినే మళ్ళీ సర్దింది. ఆ ఇంటి ఆడపిల్లలిద్దరికీ గిన్నెలో నీళ్ళు పోసి, పిడికిట్లోంచి ప్లాస్టర్ ఎలా జల్లాలో నేర్పినది ఆమే. చివరికి చీరకుచ్చిళ్ళు దోపుకుంటూ ఒక్కమాట అడిగింది.

"చిన్నమ్మాయి దగ్గర షెడ్డు తాళంచెవి ఇంకా ఉందా?"

చిన్నమ్మాయి అన్న మాట ప్రకారమే వచ్చింది. పోత చూడటానికి వస్తానని వారం కిందటే చెప్పింది. షెడ్డు ముందు వాకిట్లో పడవలవాళ్ళు కప్పీలూ మోకులూ సిద్ధం చేసుకుంటున్నారు. అంత బరువైన అచ్చును పైకెత్తి తిప్పడం వాళ్ళ చేతులకే సాధ్యమని శిల్పి వాళ్ళను కూలికి పిలిచింది. చెల్లెలు ఆ వాకిలి నుంచి కాక పక్క గుమ్మం నుంచి వచ్చింది. ఇంట్లో చిన్నప్పటి నుంచీ ఆమెను పీత అంటారు. గొడవ ఎదురైతే ముందుకూ రాదు, వెనక్కూ పోదు. మెల్లగా పక్కకు జరిగిపోతుంది. ఆ గుణమే ఆమెను సంస్థలో ఎవరితోనూ పేచీ లేకుండా పై మెట్టు దాకా తీసుకుపోయింది. డైరెక్టరు దిగిపోయాక ఆ కుర్చీ ఆమెదేనని అందరూ అనుకుంటున్నారు.

వస్తూనే అక్క కళ్ళు ఎర్రగా ఉన్నాయన్నది. రాత్రి పడుకోలేదా అని కోప్పడింది. టీ పెట్టిస్తానన్నది. శిల్పి అవన్నీ పోనిచ్చింది.

"చెయ్యి కడుక్కుని రా. ఒకసారి లోపల తడిమి చూడు."

తనకెందుకనీ, అక్క చూశాక ఇక చూసేదేముందనీ చెల్లెలు నవ్వబోయింది.

"నేను చూశాను. నువ్వు చూడు."

చెల్లెలు పలక ఎక్కి పడుకుని చెయ్యి లోపలికి చాచింది. శిల్పి ఆ చేతినే చూస్తూ నిలబడింది. అచ్చు లోపలి భాగం ఎరగని చెయ్యి అయితే తారాడుతుంది, గట్టు తగిలితే ఉలిక్కిపడి ఆగుతుంది. ఈ చెయ్యి ఎక్కడా ఆగలేదు. గట్టు నుంచి గట్టుకు, మధ్యలో ఉన్న మైనం మీద వేలి కొస కూడా ఆననివ్వకుండా, తన వీధిలో తాను నడిచినట్టు వెళ్ళి వచ్చింది.

"బాగానే ఉందక్కా."

"బాగానే ఉంది. అంచు ఎక్కడా దొరకలేదు. నాన్న ఉంటే నీ పనితనం మెచ్చుకునేవాడు."

చెల్లెలు పలక మీద నుంచి దిగలేదు, లేవలేదు. మేస్త్రమ్మ బయటికి పోబోతే శిల్పి వద్దన్నట్టు చెయ్యెత్తింది. ఇంటి గుట్టు అని దాచుకోవడానికి ఇది ఇంటి సంగతి కాదు. కాసేపటికి చెల్లెలు కిందికి దిగి, పక్కనున్న బల్ల వైపు నడవబోయింది.

"పక్కకి జరగకు, పీతా. ఇలా ఎదురుగా నిలబడు."

ఆమె నిలబడింది. కాదని అనలేదు, ఆ మటుకు ఆమెను మెచ్చుకోవలసిందే. ఆపైన చెప్పవలసినదంతా చెప్పింది, క్లాసులో పాఠం చెప్పినట్టు, ఒకదాని తరువాత ఒకటిగా. సంస్థకు సముద్రంలోకి పోవడానికి ఉన్నది ఒక్క పరిశోధన ఓడ. దాని ఖర్చు కంపెనీది. ఆ ఓడ లేకపోతే ఏ తిమింగలం ఎటు పోతోందో, ఏది ఈనిందో, ఏది తిరిగి రాలేదో చెప్పగలిగేవారు ఈ తీరంలో ఇంకెవరూ ఉండరు. ఈ ఏడు తల్లులూ పిల్లలూ ఎక్కువ వచ్చాయి. తిమింగలాల దారిలో ఓడల వేగం తగ్గించమని కంపెనీని బతిమాలుతున్నారు. సగం ఒప్పుకున్నట్టే ఉన్నారు. ఇప్పుడు ఈ చావు వాళ్ళ నెత్తిన పడితే, ఆ మాటలన్నీ తెగిపోతాయి. నిషేధం కూడా కలకాలం ఉండదు. వచ్చే ఏటికి తానే పూనుకుని ఎత్తివేయిస్తుంది.

"ఒక్కదాని కోసం మిగతావాటన్నిటినీ పోగొట్టుకోమంటావా?"

"మిగతావాటిని కోసేది ఎవరు? ఆ ఓడలే కదా. వాళ్ళ పడవెక్కి, ఇంకా ఎన్ని మిగిలాయో లెక్కపెట్టుకుంటూ కూర్చుంటావా?"

చెల్లెలి ముఖం కందిపోయింది. అక్కకు బొమ్మలు తప్ప ఇంకేమీ పట్టవనీ, ఒక సంస్థను నిలబెట్టడమంటే మట్టి పిసికినంత తేలిక కాదనీ అన్నది. శిల్పి దానికీ తల ఊపింది. తేలిక కాదు, నిజమే అన్నది. వాకిట్లో మోకులు పట్టుకుని కూర్చున్నవాళ్ళ ముఖాలు వస్తూ చూశావా అని అడిగింది. చూడలేదన్నది చెల్లెలు. చూడవు, పక్క గుమ్మం నుంచి వచ్చావు అన్నది అక్క. వాళ్ళలో సరంగు ఉన్నాడు. వాళ్ళ పడవల పెద్ద. అతని కోడలు నిన్న మెడలో గొలుసు లేకుండా కనబడింది. వచ్చే ఏటికి ఎత్తివేయిస్తానన్న నిషేధం కింద వాళ్ళు ఈ ఏడు ఏం తినాలో ఆ పాఠంలో ఎక్కడా లేదు.

చెల్లెలు గొంతు తగ్గించింది. బతిమాలే గొంతుతో, ఇంత గొడవ ఎందుకక్కా, పోత అయ్యాక ఆ వాపును నువ్వే చేత్తో దిద్దుకోవచ్చు కదా, నీకదెంత పని, నేను చూడనట్టు ఊరుకుంటాను అన్నది.

శిల్పికి అప్పటిదాకా రాని కోపం ఆ మాటకు వచ్చింది.

"నేను చేత్తో పెడితే అది నా ఊహ. ఎవరైనా అడిగితే, ముసలిదానికి తిమింగలం మీద జాలి ఎక్కువై నాలుగు వాపులు అంటించిందంటారు. అచ్చులోంచి దిగితే అది దాని ఒళ్ళు. జీవితమంతా ఈ రెండింటికీ తేడా కోసమే కదే నేను చేతులు పాడుచేసుకున్నది. ఆ తేడా నీకూ తెలుసు కాబట్టే పూడ్చావు."

శిల్పి చెల్లెలినే చూస్తూ ఇంకొక ప్రశ్న అడిగింది. ఆ ప్రశ్న తెల్లవారినప్పటి నుంచీ ఆమెను తొలుస్తూనే ఉన్నది.

"ప్లాస్టర్ బస్తా ఆ పక్కనే ఉంది. మైనం ఎందుకు పెట్టావు?"

మైనం తీయడానికి వేడిగుడ్డ చాలు. సబ్బుపూత కడిగేసి ప్లాస్టర్ పెట్టి ఉంటే అచ్చుతో ఒకటైపోయేది. తీయబోతే అసలు అచ్చే పెచ్చులుగా ఊడివచ్చేది. ఇది ఆ షెడ్డులో పెరిగిన ఎవరికైనా తెలుసు.

"కలిపాను," అన్నది చెల్లెలు. "గిన్నె ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఇప్పుడు పెడతా, ఇప్పుడు పెడతా అనుకుంటూనే ఉన్నాను. గిన్నెలోనే గట్టిపడిపోయింది."

మేస్త్రమ్మ గబగబా పోయి తొట్టి వెనక చెయ్యి పెట్టి, ఒక రబ్బరు గిన్నె బయటికి తీసింది. అందులో గిన్నె ఆకారంలోనే తెల్లగా బిగిసిపోయిన ముద్ద ఉన్నది. పాడుచేసిన ప్లాస్టర్ దాచిపెట్టడం మాత్రం చిన్నమ్మాయికి చిన్నప్పటి నుంచీ చేతకాదని మేస్త్రమ్మ గొణిగింది. ఎవరూ నవ్వలేదు, ఆమెతో సహా.

ఇక్కడ అక్కాచెల్లెళ్ళు ఒకరినొకరు కౌగిలించుకుని ఏడ్చి ఉంటారని ఎవరైనా అనుకుంటే, వారికి ఈ శిల్పి ఇంకా పరిచయం కాలేదన్నమాట.

"మైనం పెట్టావు కదా అని నేను కరిగిపోతాననుకోకు. తియ్యడానికి వీలుగా చేసినంత మాత్రాన తప్పు తప్పు కాకుండా పోదు. కానీ తీసేది నువ్వే. నీ చేత్తోనే. నేను ముట్టుకోను."

స్టవ్ మీద నీళ్ళు కాగాయి. చెల్లెలు గాజులూ వాచీ తీసి బల్ల మీద పెట్టింది. వేడినీళ్ళలో ముంచి పిండిన గుడ్డను మైనం మీద పరచడం, అది మెత్తబడేదాకా అరచేత్తో అదిమి ఉంచడం, చెక్కపుల్లతో ఒక కొస లేపి మెల్లగా లాగడం. సబ్బుపూత అడ్డం ఉండబట్టి మైనం లోపలికి ఇంకలేదు. ఒక్కొక్క పట్టీ చెక్కు చెదరకుండా ఊడివచ్చింది. ఊడివచ్చిన ప్రతి పట్టీకీ అడుగున తిమింగలం వాపు తన వంపుతో సహా దిగి ఉన్నది. మూడోదో నాలుగోదో తీశాక చెల్లెలు దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలా సేపు చూసింది. తరువాత పనిలో వేగం పెరిగింది. చివరి గాటు దగ్గరికి వచ్చేసరికి ఆమె తనలో తాను ఏదో గొణుక్కుంటూ ఉన్నది. శిల్పి చెవి ఒగ్గి విన్నది. వాపు కొలతలు. పాపం శాస్త్రజ్ఞురాలు, ఎవరూ అడగకుండానే కొలుస్తున్నది.

శిల్పి వాకిలి తలుపులు రెండూ బార్లా తెరిపించింది.

పడవలవాళ్ళు లోపలికి వచ్చి మోకులు దూలాలకు బిగించారు. సరంగు అచ్చు అంచున నిలబడి లోపలికి తొంగిచూసి, ఇదేమిటమ్మా, లోపల చూస్తే సముద్రం అడుగులా ఉందని అన్నాడు. మేస్త్రమ్మ తెల్లసిమెంటులో పాలరాతి పొడీ నారపోగులూ కలిపి ముద్ద చేసింది. శిల్పి మొదటి పిడికెడు తీసుకుని, మొదటి గాటు పక్కన, మైనం పోయి మళ్ళీ పల్లమైన చోట అదిమింది. తొలిపూతకు ఒక నియమం ఉన్నది. మొదలుపెట్టాక ఆగకూడదు. మధ్యలో ఆగితే ఆగినచోట ఆరి గీత పడుతుంది. ఎండకూ చలికీ ఏదో ఒకనాడు అక్కడే విగ్రహం చీలుతుంది. అందుచేత ఆమె చేతులు ఇక ఆ డొక్క మొత్తం నిండేదాకా ఆమెవి కావు.

అలాంటి సమయంలో డైరెక్టరు వచ్చాడు.

ఆయన మర్యాదస్తుడు. గొంతు ఎత్తగా ఎవరూ వినలేదు. వాకిట్లో కారు దిగి, సిమెంటు అంటకుండా ప్యాంటు కొంచెం పైకి పట్టుకుని లోపలికి వచ్చి, అందరికీ నమస్కారం పెట్టాడు. అచ్చులోకి తొంగిచూశాడు. గట్లు కనబడ్డాయి, మిగిలినదంతా ఆయనకు తెల్లగోడే. చెల్లెలి పక్కకు వచ్చి, ఒక్క ఆమెకే వినబడాలన్నట్టు, "అంతా అనుకున్నట్టే కదా మేడమ్?" అన్నాడు. షెడ్డులో మాట్లాడుతున్నవారెవరూ లేనందువల్ల అది అందరికీ వినబడింది.

చెల్లెలు అవునని ఒక్కమాట అంటే చాలు, ఈయన సంతోషంగా వెళ్ళిపోతాడు. విగ్రహం వాపుతో సహా హాలులో నిలబడుతుంది. ఎవరికీ ఏ హానీ లేదు. పక్కకు జరగడంలో చెల్లెలంత నేర్పరి లేదు. ఈ ఒక్కసారి జరిగినా బాగుండునని, తాను జీవితంలో ఎన్నడూ కోరనిది శిల్పి ఆ క్షణంలో కోరుకున్నది. కోరుకున్నందుకు వెంటనే సిగ్గుపడింది.

"లేదు సార్," అన్నది చెల్లెలు. "తీసేశాను."

"ఏం తీసేశారు?"

"నేను పెట్టిన మైనం. అది బతికుండగానే ఓడ కోసింది. నాకు శవపరీక్ష రోజే తెలుసు. మీకూ చెప్పాను. వల తరవాతి సంగతి. పైగా ఆ వల వీళ్ళది కూడా కాదు."

మోకు పట్టుకున్న చేతులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. సరంగు చెల్లెలి వైపు తిరిగి చూశాడు. ఆ చూపులో కృతజ్ఞత లేదు; ఉండవలసిన అవసరమూ లేదు. అతను ఆమెను మొదటిసారి చూస్తున్నట్టు, ఇన్ని నెలలూ తన ఇంటిమీద కూర్చున్నది ఈ మనిషా అన్నట్టు చూశాడు. ఆమె ఆ చూపును తప్పించుకోలేదు.

డైరెక్టరు నవ్వాడు. చిన్న నవ్వు. మేడమ్ అలసిపోయి ఉన్నారన్నాడు. అక్కగారి కళ అంటే తనకు గౌరవమే అన్నాడు. కళలో కన్నీళ్ళకు చోటుంటుంది, విజ్ఞానానికి ఆధారం కావాలి, సిమెంటు బొమ్మ డొక్క ఉబ్బిందని ఏ కమిటీ తన తీర్పు మార్చుకుంటుందని అడిగాడు.

"ఆ డొక్క మీది ఉబ్బు నేను పెట్టింది కాదు," అన్నది శిల్పి చెయ్యి ఆపకుండానే. "మీ కంపెనీవారి ఓడలు పెట్టాయి. నేను తీసుకొచ్చాను, అంతే. విగ్రహం మీది, కాదనను. హాలు మీది. ఒళ్ళు దానిది."

"ఆధారం ఉంది," అన్నది చెల్లెలు. ఆమె గొంతు ఇప్పుడు పైకి లేచింది. "గాటు అంచు నుంచి చర్మం ముక్క కోసి ఉంచాను. సీసాలో, మన మంచుగదిలోనే. ఏ ప్రయోగశాలకు పంపినా మైక్రోస్కోపు కింద చూసి చెబుతారు, కోసినప్పుడు నెత్తురు పారుతోందో లేదో."

మాట నోరు దాటగానే, ఆ సీసా ఎక్కడుందో చెప్పకూడని మనిషికే చెప్పేశానని ఆమెకు తెలిసింది. శిల్పికీ తెలిసింది. డైరెక్టరు ముఖంలో ఏ మార్పూ రాలేదు. అలాగా అన్నాడు. మంచిది, తీరిగ్గా మాట్లాడుకుందాం అన్నాడు. ప్యాంటు పైకి పట్టుకుని, వచ్చినంత నెమ్మదిగానే వెళ్ళి కారెక్కాడు. ఆ నెమ్మది గేటు దాకానే. గేటు దాటాక ఇంజను గట్టిగా అరిచింది. కారు ఇంటి దారి పట్టలేదు. అఖాతం చుట్టూ తిరిగి సంస్థకు పోయే దారి పట్టింది.

చెల్లెలు చేతులు గుడ్డకు తుడుచుకోవడం కూడా మరిచి వాకిట్లోకి పరుగెత్తింది. ఆమె వచ్చింది ఆటోలో. అది ఎప్పుడో వెళ్ళిపోయింది. నీళ్ళకు అవతల, ఎండలో తెల్లగా, సంస్థ భవనమూ దాని ముందు పడవలు ఆగే చిన్న రేవుబల్లా కనబడుతూనే ఉన్నవి. రోడ్డు మీద అది చాలా దూరం. నీటి మీద కాదు.

శిల్పి చేతులు మూడో గాటు దగ్గర ఉన్నవి. ఆమె ఇప్పుడు కదిలితే తిమింగలం చీలుతుంది. కదలకపోతే చెల్లెలు ఒంటరిగా పోవాలి. తల తిప్పకుండానే సరంగును అడిగింది, అఖాతానికి అడ్డంపడి పోతే కారు కంటే ముందు చేరగలమా అని.

చేరగలం అన్నాడు సరంగు. కానీ తమ పడవ తాడు విప్పితే చాలు, నిషేధం దాటేవారి కోసం తిరిగే కాపలా లాంచీవాళ్ళు పట్టుకుంటారనీ, పడవే పోతుందనీ, ఉన్నది అదొక్కటేననీ చెప్పాడు. అతను భయపడి చెప్పలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాడు.

చెల్లెలు అతని ఎదుటికి వచ్చి నిలబడింది. మోచేతుల దాకా మైనం, సిమెంటు.

"ఆ నిషేధం కింద సంతకం నాదే, సరంగుగారూ. దాన్ని మొదట దాటేది కూడా నేనే అవుతాను. పట్టుకుంటే పడవ నేను దొంగిలించానని చెప్పండి. విప్పండి."

సరంగు ఆమెను ఇంకొక క్షణం చూశాడు. తరువాత తన చేతిలోని మోకును పక్కవాడికి ఇచ్చి, అచ్చు ఒరగకుండా చూడరా అని చెప్పి, రేవు మెట్ల వైపు నడిచాడు. దొంగిలించారని చెబితే ఎవడు నమ్ముతాడమ్మా, మీకు తాడు ముడి విప్పడం కూడా రాదు, అన్నాడు నడుస్తూనే.

షెడ్డులో మేస్త్రమ్మ ముద్ద అందిస్తూ ఉన్నది. శిల్పి అదుముతూ ఉన్నది. నెలల తరబడి కదలని ఇంజను దగ్గింది, ఆగింది. మళ్ళీ దగ్గింది. మోకులు పట్టుకున్నవాళ్ళు తలలు అటు తిప్పారు. మూడోసారికి అది అందుకున్నది, ఆ శబ్దం నీటి మీద పరుచుకుని దూరం కాసాగింది, మోకు పట్టుకున్న ఒకతను తనకు తెలియకుండానే అటు ఒక అడుగు వేసి మళ్ళీ వెనక్కు వచ్చి నిలబడ్డాడు.

శిల్పి మరొక పిడికెడు సిమెంటు తీసుకుని, నాలుగో గాటు వాపులోకి వేలితో నొక్కింది.

అప్పుడు నీటి మీద రెండో ఇంజను శబ్దం లేచింది. చిన్న పడవలకు అంత బరువైన గొంతు ఉండదు.